ప్రాణమున్న సరుకు

మన టముకు వాళ్ళమ్మకు,

ఒంటి వరకు నేను క్షేమం. అక్కడ నువ్వూ, టముకూ, అత్తయ్యగారూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. జవాబు రాలేదని నువ్వు ఏమేమి ఊహించుకుని ఉంటావో నాకు తెలుసు. జబ్బేమీ చేయలేదు. రోజూ కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను, నాలుగు వాక్యాలు రాసి చింపేస్తున్నాను. ఇవాళ ఆదివారం. ఇది పూర్తిచేసి పోస్టు డబ్బాలో వేసి వచ్చాకే భోజనం అని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఎలాగైనా పూర్తవుతుంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అత్తయ్యగారు గోడ పట్టుకుని వాకిలి దాకా నడిచారని రాశావు. విరిగిన తుంటితో రెండు నెలలకే అంత దూరమంటే మాటలు కాదు. ఆమె నడవమంటే కూర్చుంటారు, కూర్చోమంటే నడుస్తారు. డాక్టరు చెప్పినదానికి తలకిందులుగా చెప్పి చూడు, ఇంకా తొందరగా లేస్తారు. ఈ సలహా నాదని మాత్రం చెప్పకు.

వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇదివరకు కారేది, ఇప్పుడు అసలు రావడమే లేదు. బాగుచేసినవాణ్ణి నిలదీస్తే, "కారడం ఆగిందా లేదా, అది చెప్పండి ముందు" అని నన్నే ఎదురడిగాడు. స్నానాల గదిలోంచి బకెట్‌తో మోసుకుంటున్నాను. నా దగ్గు తగ్గింది. ముసురు మాత్రం తగ్గలేదు. ఉతికిన చొక్కా మూడు రోజులైనా ఆరదు. తడి వాసనతోనే తొడుక్కుంటున్నాను. క్లబ్బులో క్యారమ్స్ పోటీ ఏమైందని అడిగావు. మేమే గెలిచాం. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఉత్తరం అడుగున టముకు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది చూశాను. "నాన్నా, ఇంకా ఎన్ని ఉన్నాయి? వాటికి పేర్లు పెట్టావా? మా నాన్న కోడిపిల్లల డాక్టరని ఈ వీధిలో పిల్లలందరికీ చెప్పేశా." దానికి ఊరికే పెట్టామా ఆ ముద్దుపేరు! నాలుగు ఉన్నాయని చెప్పు. పేర్లు పెట్టలేదు. పెట్టకూడదని నాకు మొదటి రోజు సాయంత్రానికే అర్థమైంది.

పదకొండింటిలో నాలుగు. మిగతావి ఎలా పోయాయని నువ్వూ అడిగావు. మొదటి ఉత్తరంలో తొందరతొందరగా నాలుగు ముక్కలే రాశాను కాబట్టి, మళ్ళీ మొదట్నుంచీ చెప్తాను.

ఆ సోమవారం పొద్దున్నే నేను ఫోన్ చేస్తే, తొమ్మిదిన్నరకల్లా టైలరమ్మ మా పార్సిల్ ఆఫీసుకు వచ్చింది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. ఇరవై మూడేళ్లు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఈలోగా చూపు కూడా మందగించింది. సూదిలో దారం ఎక్కించలేని మనిషికి పని ఎవరిస్తారు? ఇంటి వెనక పాత చెక్కపెట్టెలు విప్పి తనే షెడ్డు కట్టుకుంది. గోనెసంచులు కలిపి కుట్టి దానికి తెరలు వేసింది. గుడ్లు పెట్టే కోళ్లను పెంచుకుందామని ఎక్కడో దూరాన ఉన్న హేచరీకి రాసి, ఒక్కరోజు వయసున్న పిల్లల్ని వంద తెప్పించుకుంది. దారిలో పోయేవాటికి లెక్కగా హేచరీ వాళ్ళు ఇంకో రెండు వేస్తారట. మొత్తం నూట రెండు.

అట్టపెట్టె లోపల నాలుగు అరలు. మూత తీసేసరికి ప్రతి అరలోనూ పిల్లలన్నీ ఒకే మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి ఎగబడి ఉన్నాయి. పైనున్నవి కదులుతున్నాయి. కిందవి అణిగిపోయి ఉన్నాయి. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తెచ్చుకున్న బుట్టలోకి, కదిలేవాటిని ఒక్కొక్కటిగా తీసి పెట్టుకుంది, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ. యాభై నాలుగు. మిగిలినవాటితో పెట్టెను నా వైపు జరిపింది.

"వీటిని ఎక్కడైనా పూడ్చేయండి అన్నగారూ. నాకు చేతులు రావడంలేదు" అంది.

ఆఫీసు వెనక, విరిగిన తూకం యంత్రం పడేసిన చోట గొయ్యి తీశాను. పెట్టె వంచబోతుంటే ఒకటి నోరు తెరిచింది. చప్పుడేమీ లేదు. తెరిచింది, మూసింది, అంతే. అప్పుడు తడి నేల మీదే కూర్చుని ఒక్కొక్క దాన్నీ చేతిలోకి తీసుకుని, పొట్ట మీద వేలు ఆనించి చూశాను. ముప్పై ఏడు పూడ్చాను. పదకొండింటిలో ఇంకా ఊపిరి ఉంది. ఇంతవరకూ నీకు మొదటి ఉత్తరంలో రాసింది నిజమే.

సెలవు పెట్టి వాటిని ఇంటికి తెచ్చాను. ఏం చేయాలో ఒక్క ముక్క తెలియదు. టీవీ వచ్చిన అట్టపెట్టెలో నా పాత స్వెట్టరు పరిచి (నీ శాలువా ముట్టుకోలేదు, భయపడకు) టేబుల్ లైటు వంచి పెట్టి, బస్సెక్కి టైలరమ్మ ఇంటికి పరిగెత్తాను. ఆమె షెడ్డులో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పదకొండు బతికే ఉన్నాయనగానే ఆమె లేచి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు మనిషి కాదన్నగారూ, దేవుడు. ఇంకొకరైతే పారేసి చేతులు దులుపుకునేవాళ్లు" అంది.

నేను తల వంచుకున్నాను. సిగ్గుపడుతున్నానని అనుకుని ఉంటుంది.

ఆమె చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు పంచదార కలిపి, ముక్కు కొన మాత్రం తడిపి, మింగేదాకా ఆగాలి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. పిల్లలన్నీ లైటు కిందికి గుంపుగా చేరితే చలి వేస్తున్నట్టు, నోళ్లు తెరుచుకుని అంచులకు పారిపోతే వేడి ఎక్కువైనట్టు. కింద కాగితం పరిస్తే కాళ్లు జారతాయి, గుడ్డే పరచాలి. నీళ్ల మూతలో పడి మునిగిపోకుండా అడుగున ఏదైనా వేయాలంటూ, కోటు బొత్తాలు గుప్పెడు తీసి, కడిగి నా చేతిలో పోసింది. "మెరుస్తాయిగా, పొడవడానికి వస్తాయి. వస్తే నీళ్లు తాగుతాయి" అంది. నిజంగానే వచ్చాయి.

ఆ సాయంత్రానికే రెండు పోయాయి. తెల్లారేసరికి ఇంకో మూడు. వాటికి తినడానికి ఒంట్లో శక్తే లేదు, చేతిలో పెట్టుకుంటే మెడ పక్కకు వాలిపోయేది. ఆరోది నా వల్ల పోయింది. దాని వెనక రెట్ట ఎండి, గట్టిపడి, దారి మూసుకుపోయింది. గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి మెల్లగా తుడవాలని టైలరమ్మ చెప్పే ఉంది. ఆఫీసుకు టైమైపోతోందని నేను పొడిగానే లాగాను. చర్మం కూడా ఊడివచ్చింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే అది మూలన పడి ఉంది, మిగతావి దాని మీదుగా నడుస్తున్నాయి. ఏడోది బాగానే తింటూ తింటూ, తొమ్మిదో రోజున ఊరికే ఆగిపోయింది. ఎందుకో టైలరమ్మకు కూడా తెలియలేదు.

మిగిలిన నాలుగింటిలో ఒకదానికి కాళ్లు చెరోవైపు జారిపోయేవి. సన్నటి ప్లాస్టరు ముక్కతో రెండు కాళ్లకూ మధ్య వంతెనలా కట్టమంది. కట్టాను. మూడు రోజులు అది ముసలమ్మలా కుంటుతూ, పడుతూ లేస్తూ తిరిగింది. ప్లాస్టరు తీసిన పొద్దున నిలబడింది. ఒక కాలు కాస్త వంకర. అయినా నిలబడింది.

సాయంత్రాలు ఆఫీసు నుంచి టైలరమ్మ ఇంటి మీదుగా వచ్చేవాణ్ణి. అక్కడ కూడా రోజుకు నాలుగు, ఐదు చొప్పున పోతున్నాయి. ఆమె యాభై నాలుగింటిలో చివరికి ఇరవై నాలుగు మిగిలాయి. ఒకరోజు చచ్చినవాటిని సంచిలో వేస్తూ నాతో అంది:

"నా తప్పేనండీ. ఆ సోమవారం వీటిని తెచ్చేదాకా షెడ్డులో బల్బు వేయలేదు. ముందే వేసి వెచ్చబెట్టి ఉంచమని హేచరీ వాళ్లిచ్చిన కాగితంలో ఉంది. కరెంటు దండగని ఆగాను. తెచ్చాక షెడ్డు వేడెక్కడానికి అరగంట పట్టింది. ఆ అరగంటే చంపింది వీటిని. నా చేతుల్లోనే పోయాయి."

"అలా అనుకోకండి" అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు నేను.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు రాసిన ఆ నాలుగు వాక్యాల దగ్గరికి వస్తాను. "ప్రాణమున్న సరుకును రెండు రోజులు ఆలస్యంగా తెస్తాడా ఆ లారీ డ్రైవరు? వాడికి పిల్లాజెల్లా లేరా? మీ మనసు ఎంత మెత్తనిదో ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. మా అమ్మయితే మా అల్లుడు బంగారం అని వచ్చిన ప్రతివాళ్లతోనూ అంటోంది." ఆ వాక్యాలను పదకొండు రోజుల్లో ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

లారీ ఆలస్యం కాలేదు.

ఆ పెట్టె శనివారమే వచ్చింది. ఒంటి గంటకు పది నిమిషాల ముందు. శనివారం మాకు ఒంటి గంటకు షట్టరు దించేస్తారని నీకు తెలుసు. ఆ వేళకు ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. మా లారీ డ్రైవరు, పొడుగాయన అంటామే, ఆయన పెట్టెను రెండు చేతులతో ఎత్తుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. "సార్, ప్రాణమున్న సరుకు. ఇప్పుడే ఫోన్ కొట్టండి" అన్నాడు. పెట్టె మీద ఎర్ర అక్షరాలతో అదే రాసి ఉంది. మా నియమం కూడా అదే. ప్రాణమున్న సరుకు వస్తే వెంటనే ఫోన్ చేయాలి, మనిషి వచ్చి తీసుకువెళ్లేదాకా కూర్చోవాలి. టైలరమ్మ రావడానికి బస్సులో గంట పడుతుంది. ఒకటిన్నరకు క్లబ్బులో ఫైనలు.

అంతే. ఇంకే కారణమూ లేదు. జ్వరం లేదు, ఇంట్లో ఆపద లేదు. నేను లేకపోతే నా జంట ఆటగాడికి జోడీ ఉండదు, అవతలివాళ్లు ఆడకుండానే గెలుస్తారు. నాలుగేళ్లుగా ఫైనలు దాకా వచ్చి ఓడిపోతున్నాం. కోడిపిల్లలు మూడు రోజుల దాకా మేత లేకపోయినా ఉంటాయని ఎవరో అంటే విన్నాను. సోమవారం పొద్దున్నే ఫోన్ చేస్తే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. పొడుగాయన సంతకం కోసం కాగితం చాపితే, "సోమవారం పెడతాలే, టైమైపోయింది" అన్నాను. ఆయన నమ్మి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. పెట్టెను వెనక గదిలో సిమెంటు గచ్చు మీద పెట్టాను. ఆ గది కిటికీకి ఒక అద్దం లేదు. ఆ రెండు రోజులూ ఇక్కడ ఎంత చలి వేసిందో నీకు ఫోన్‌లో చెప్పింది కూడా నేనే.

సోమవారం ఎనిమిదింటికి తలుపు తీశాక మొదట పెట్టె మూత ఎత్తి చూశాను. మూసేశాను. వెంటనే టైలరమ్మకు ఫోన్ చేయలేదు. ముందు రిజిస్టరు తీసి, వచ్చిన తేదీ దగ్గర సోమవారం అని రాశాను. రాశాకే ఫోన్ చేశాను. ఆమెకు లారీ లేటని చెప్పాను. మా ఆఫీసరుకూ అదే చెప్పాను. బుధవారం నాడు నీకు అదే రాశాను. నీకెందుకు రాశానో ఇప్పటికీ నాకు తెలియదు. నువ్వు అడగలేదు కూడా.

ఆమె హేచరీ వాళ్లకు రాస్తే, తాము గురువారమే పంపామని, శనివారానికి చేరి ఉండాలని జవాబిచ్చారు. దాంతో ఆమె మా ఆఫీసరు దగ్గరికి వచ్చింది. రిజిస్టరు చూస్తే సోమవారం. శనివారమే ఇచ్చానని పొడుగాయన అన్నాడు, కానీ ఆయన దగ్గరున్న కాగితం మీద సంతకం లేదు. శని, ఆదివారాల్లో బండిని ఎక్కడ తిప్పావని నిలదీశారు. విచారణ అయ్యేదాకా బండి ఎక్కొద్దని తాళాలు తీసుకున్నారు. ఇదంతా నా బల్లకు నాలుగు అడుగుల దూరంలో జరిగింది. నేను పార్సిళ్ల మీద చీటీలు అంటిస్తూ కూర్చున్నాను. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. మరుసటి రోజే నీ ఉత్తరం అందింది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆయన మన ఇంటికి వచ్చాడు. నేను వంకర కాలు పిల్లకు ప్లాస్టరు తీసిన చోట నూనె రాస్తున్నాను. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగాడు. అట్టపెట్టెలోకి తొంగి చూసి, ఒక పిల్లను తీసి అరచేతిలో నిలబెట్టుకున్నాడు.

"దారిలో రెండుసార్లు బండి ఆపాను సార్. ఒకవైపే గాలి తగులుతోందని పెట్టె తిప్పి పెట్టాను. నేనిచ్చినప్పుడు అన్నీ గట్టిగా అరుస్తున్నాయి."

నేను నూనె సీసాకు మూత పెట్టాను.

"మీరు పని ఒత్తిడిలో మర్చిపోయి ఉంటారు" అన్నాడు. "ఎవరికైనా జరుగుతుంది. ఒక్కసారి బాగా గుర్తు తెచ్చుకోండి. ఆఫీసరుగారికి మీరొక మాట చెప్తే చాలు. పద్దెనిమిదేళ్లుగా బండి తోలుతున్నాను, ఒక్క మచ్చ లేదు."

ఆయనకు అంతా తెలుసు. తెలిసి కూడా నేను తప్పించుకోవడానికి ఒక దారి చేసి, ఆ దారి వాకిలి దాకా తెచ్చి చూపించాడు. "మర్చిపోయాను" అంటే చాలు. నేను మాత్రం "చూస్తాను" అన్నాను. ఆయన పిల్లను జాగ్రత్తగా లోపల దించి, లేచి వెళ్లిపోయాడు. సోమవారం నేను ఆఫీసరు గది ముందు నుంచి మూడుసార్లు నడిచాను. మంగళవారం అసలు అటు పోలేదు.

బుధవారం సాయంత్రం టైలరమ్మ ఇంటికి వెళ్లేసరికి, కుట్టుమిషను మీద తెల్ల కాగితం, కలం సిద్ధంగా పెట్టి ఉన్నాయి.

"మంచి వేళకు వచ్చారన్నగారూ. ఆ డ్రైవరు మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇమ్మన్నారు మీ ఆఫీసరుగారు. అది ఇస్తే ఇక తేలిపోతుందట. నాకు కళ్లు ఆనవు. మీరే రాసి పెట్టండి, మీకైతే అంతా తెలుసు."

మిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాను. ఆమె నా వెనక నిలబడి చెప్తోంది. "అయ్యా, ఫలానా శనివారానికి చేరవలసిన నా కోడిపిల్లల పెట్టెను, లారీ డ్రైవరు నిర్లక్ష్యంగా..." లారీ డ్రైవరు అనేదాకా రాశాను. ఆ తర్వాతి మాట దగ్గర ఆగిపోయాను. "కలం రాయట్లేదా? ఇంకోటి ఇవ్వనా?" అని ఆమె అడిగింది.

"కలం బాగానే ఉందమ్మా. నిర్లక్ష్యం ఆయనది కాదు" అన్నాను.

కాగితం వైపే చూస్తూ చెప్పాను. శనివారం అన్నాను, క్యారమ్స్ అన్నాను, వెనక గది, రిజిస్టరు, అన్నీ చెప్పాను. "మీ బల్బు చంపలేదు. ఆ అరగంట చంపలేదు. మీ దగ్గరికి వచ్చేసరికే అవి అయిపోయాయి" అన్నాను. తిట్టినా బాగుండు, మిషను మీదున్న కత్తెర విసిరినా బాగుండు అనిపించింది. ఆమె అడిగింది:

"మీరు తాళం వేసేటప్పుడు అవి అరుస్తున్నాయా?"

"అరుస్తున్నాయి."

"వినపడిందా మీకు?"

"వినపడింది."

ఆమె వచ్చి నా చేతి కింద ఉన్న కాగితం తీసి మడిచింది. ఇంకో తెల్ల కాగితం పెట్టింది.

"రాయండి. ఇప్పుడు నాకు చెప్పిందే రాయండి. మీ పేరు పెట్టి రాయండి."

రాశాను. ఆమె కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, కళ్లకు ఆనించుకుని, ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టి చదివింది. ఒకచోట ఆగింది. "పొరపాటున అని రాశారు. తీసేయండి" అంది. కొట్టేశాను. అప్పుడు సంతకం చేసింది.

గురువారం ఆ కాగితం నేనే ఆఫీసరుకు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "నువ్వా?" అన్నాడు. ఆ ఒక్క మాటే. సాయంత్రానికి పొడుగాయనకు తాళాలు తిరిగి ఇచ్చారు. ఆయన తీసుకుని, కళ్లకద్దుకుని, నా బల్ల పక్క నుంచే నడిచి వెళ్లాడు. ఈసారి నా వైపు చూడలేదు. నన్ను పనిలోంచి పక్కన పెట్టారు. విచారణ ఉంటుంది. ఉద్యోగం ఉంటుందో పోతుందో ఇప్పుడే ఏమీ చెప్పలేను. ఉన్నా, ఆ బల్ల దగ్గర మాత్రం కూర్చోనివ్వరు. ఈ ఇల్లు ఆఫీసు వాళ్లదని నీకు గుర్తు చేయక్కర్లేదు. నీకు కష్టం తెచ్చిపెట్టాను.

శుక్రవారం నాలుగు పిల్లల్నీ ఆమెకు అప్పగించి వచ్చాను. అవి మొదట్నుంచీ ఆమెవే. టముకుతో పేర్ల మాట ఎత్తకు. ఆమె వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, రెక్కలు విప్పి చూసి, కాళ్లు చూసి, వెనక భాగం చూసి, "బాగానే పెంచారు" అంది. అన్నగారూ అనలేదు. షెడ్డులో వదిలితే, మిగతావి వచ్చి వంకర కాలు దాన్ని పొడవడం మొదలుపెట్టాయి. అది పడిపోయింది. నేను గబుక్కున వంగబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది. తనే దాన్ని ఎత్తి వేరే గంప కింద పెట్టింది.

"ఇక మీరు రాకండి" అంది, నెమ్మదిగానే. "రోజూ వచ్చి కూర్చునేవారు. నా తప్పే, నా తప్పే అని నేను ఏడుస్తుంటే వింటూ కూర్చునేవారు. పిల్లలు పోయినందుక్కాదు. అది తలుచుకుంటే నాకు మీ మొహం చూడబుద్ధి కావడంలేదు."

బస్సు కోసం ఆగకుండా నడిచి వచ్చేశాను.

ఇదీ జరిగింది. గదిలో అట్టపెట్టె ఇంకా అలాగే ఉంది, తీసేయాలి. టముకుకు నువ్వేమీ చెప్పకు. దాని తండ్రి డాక్టరు కాడని నేనే దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తాను. వాళ్ల వీధిలో పిల్లలకు అది ఏం చెప్పుకుంటుందో దాని ఇష్టం. అత్తయ్యగారి సంగతి నీకే వదిలేస్తున్నాను. మంచం మీదున్న మనిషికి ఇప్పుడెందుకు అనుకుంటే ఆగు. కానీ వచ్చినవాళ్లతో ఆ బంగారం మాట మాత్రం ఇక అననివ్వకు. నా కోసం హడావిడిగా బయలుదేరి రావద్దు. ఆమె పూర్తిగా నడిచాకే రా.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. రెండుసార్లు ఫోన్ ఎత్తాను కూడా. చెప్తే నువ్వేమంటావో నాకు తెలుసు. పెళ్లయినప్పటి నుంచి నేను పగలగొట్టిన ప్రతిదానికీ, మర్చిపోయిన ప్రతిదానికీ నువ్వు ఒకటే అంటావు, "పోనీలెండి" అని. ఆ మాట వినపడితే నాకు ప్రాణం లేచివస్తుంది, ఆ పూట హాయిగా నిద్రపోతాను. ఈసారి దానికే భయపడి ఉత్తరం రాస్తున్నాను. ఇది చదివాక నీకు కోపం వస్తే కోపంగానే జవాబు రాయి. రాయబుద్ధి కాకపోతే కొన్నాళ్లు రాయకు, ఎదురుచూస్తాను. ఆ ఒక్క మాట మాత్రం ఈసారి అనకు.

ఇట్లు,
మన టముకు నాన్న